నెలసరి చూసుకుని రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ వాయిదా వేసుకోవాలా?

అక్కర్లేదండి. మీ అక్కగారికి 39 ఏళ్లు, వచ్చే వారం ఆపరేషన్, సరిగ్గా అప్పుడే నెలసరి వస్తుంది, నెట్‌లో చదివితే భయమేసింది అని రాశారు. నా ఆపరేషనప్పుడూ ఇదే గొడవ. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రాజమండ్రిలో తేదీ ఇచ్చాక మా అత్తగారు "బయట ఉన్న రోజుల్లో కత్తి పెట్టించుకోవడమేంటమ్మా, అమావాస్య కూడా దగ్గర్లోనే ఉంది, ఓ పది రోజులాగు" అని పట్టుబట్టారు. ఆవిడకైతే సర్దిచెప్పాను గానీ, మా తమ్ముడు ఫోన్‌లో చూపించిన అధ్యయనమే నిద్ర పట్టనివ్వలేదు.

మీరు చదివిందీ అదే అయ్యుంటుంది. 1991లో లండన్ గైస్ హాస్పిటల్ నుంచి డాక్టర్ బాడ్వే బృందం ప్రచురించింది. 249 మంది పాత రికార్డులు తిరగేస్తే, నెలసరి మొదలైన 3వ రోజు నుంచి 12వ రోజు లోపు ఆపరేషన్ అయినవాళ్లలో పదేళ్లకి బతికున్నది 54 శాతం, మిగతావాళ్లలో 84 శాతం. నెలసరి మొదలైన ఆ 3-12 రోజుల్లో ప్రొజెస్టెరాన్ అనే ఆడ హార్మోన్ తోడు లేకుండా ఈస్ట్రోజెన్ అనే ఇంకో హార్మోన్ ఒక్కటే పనిచేయడం కారణమేమో అనుకున్నారు.

మా సర్జన్‌ని సూటిగా అడిగేశాను. అవి ఆపరేషన్లు అయిపోయాక వెనక్కి తిరిగి చూసిన లెక్కలు అన్నారాయన. ఆ తర్వాత బ్రిటన్‌లో ముందే ప్లాన్ చేసి, ఆపరేషన్ సమయంలో రక్తంలో హార్మోన్లు కూడా కొలిచి చూస్తే మూడేళ్ల వరకు ఏ తేడా కనిపించలేదట. అదే బాడ్వే తర్వాత ముంబయిలోని క్యాన్సర్ ఆసుపత్రి టాటా మెమోరియల్‌లో ఆపరేషన్‌కి ముందు ప్రొజెస్టెరాన్ ఇంజెక్షన్ ఇచ్చి పరీక్షించారు. 2011లో వచ్చిన ఆ ఫలితాల్లో మొత్తం మీద స్పష్టమైన లాభం రాలేదు, క్యాన్సర్ చంక గ్రంథులకి పాకినవాళ్లలో మాత్రం కొంత కనిపించింది. దాన్ని పట్టుకుని తేదీలు మార్చేంత ఆధారం లేదు.

నాకు నెలసరి రెండో రోజునే ఆపరేషన్ అయింది. ఎవరూ ఏమీ అనలేదు.

ఒక్కటి మాత్రం చేయండి. ఆఖరి నెలసరి తేదీ దాచకుండా చెప్పించండి, గర్భం లేదని నిర్ధారించుకోవడానికి ఎలాగూ అడుగుతారు. బ్లీడింగ్ బాగా ఎక్కువయ్యే మనిషైతే హిమోగ్లోబిన్ ఎంతుందో ముందే చూపించండి, అసలు పట్టించుకోవాల్సింది దాన్ని. థియేటర్‌లోకి వెళ్లేముందు నర్సుకి చెబితే ప్యాడ్ సంగతి వాళ్లే చూసుకుంటారు, మొహమాటపడొద్దనండి.