మొదటి పెళ్లి వీడియో ఒప్పుకున్న మేనకోడలికి

బుజ్జీ,

పెళ్లి వీడియో ఒకటి ఒంటరిగా ఒప్పుకున్నావని, యూసఫ్‌గూడలో గది కూడా తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత పొంగిపోయానో, ఆ వెంటనే గుండెల్లో అంత రాయి పడింది. పెళ్లి మళ్లీ తీయడం కుదరదు కదా తల్లీ! కెమెరా కార్డులు ఖాళీ చేసేముందే ఫుటేజీ రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో ఉండాలి. ఒకటి గదిలో, ఒకటి ఇంట్లో. రెండూ ఒకే బ్యాగులో పెట్టుకుని మెట్రో ఎక్కావని తెలిస్తే ఊరుకోను.

కెమెరా సెకనుకు 25 ఫ్రేములు (బొమ్మలు) తీస్తే, ఎడిటింగ్‌లో క్లిప్పులు పేర్చుకునే సీక్వెన్సూ 25కే పెట్టు. చుట్టాలు ఫోన్లో తీసిన క్లిప్పుల్లో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు, వాటిని ముందే 25కి మార్చుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

క్లిప్పులు ఒకదాని మీద ఒకటి పేర్చి మెత్తగా కలపాలని చూస్తున్నావట. నా భయమంతా అక్కడే. పై ట్రాక్ (వరుస) వి2 మీద పెళ్లికొడుకు, కింది ట్రాక్ వి1 మీద పెళ్లికూతురు ఉన్నారనుకో. చాలామంది ఏం చేస్తారంటే, పై క్లిప్ ఒపాసిటీని, అంటే అది ఎంత దట్టంగా కనపడాలో ఆ శాతాన్ని, 100 నుంచి 0కి దించుతారు, అదే సమయంలో కింది క్లిప్‌ను 0 నుంచి 100కి పెంచుతారు. ఒకటి పోతుంటే ఇంకోటి రావాలి కదా అనుకుంటారు. సరిగ్గా మధ్యలో ఆపి లెక్క వెయ్యి. పై క్లిప్ 50 శాతం ఉంది, అంటే దాని వెలుగు సగం వచ్చింది. మిగతా సగంలోంచి కింది క్లిప్ కనపడాలి, కానీ దాన్నీ నువ్వే 50 దగ్గర ఆపావు. సగంలో సగం, 25. మొత్తం 75. తక్కిన 25 అట్టడుగున ఉన్న నలుపు.

ఇది ఎక్కడ పట్టిస్తుందో తెలుసా? మధుపర్కాల్లో. రెండు షాట్లలోనూ తెల్లబట్టలే. డిజాల్వ్ నడుమ, అంటే ఒక షాట్ ఇంకోదానిలోకి కరిగేచోట, ఆ తెలుపు మాసిన గుడ్డలా బూడిదరంగుకి తిరిగి, మళ్లీ తెల్లబడుతుంది. వెలుగు కొలిచే వేవ్‌ఫామ్ గ్రాఫ్ తెరిచి చూడు, 90 దగ్గరుండాల్సిన తెలుపు 67 దాకా జారుతుంది. పెళ్లివాళ్లకి అదేమిటో చెప్పడం రాదు, "ఇక్కడేదో మిణుక్కుమందమ్మా" అంటారు. నువ్వేమో కలర్ కరెక్షన్‌లో తప్పు వెతుక్కుంటూ రాత్రంతా కూర్చుంటావు.

కింది క్లిప్‌ను 100 దగ్గరే కదలకుండా ఉంచు, పైదాన్ని ఒక్కదాన్నే దించు. అంతే. ప్రీమియర్ సాఫ్ట్‌వేర్‌లో అయితే వి2 క్లిప్ చివర క్రాస్ డిజాల్వ్ వేసి, కింది క్లిప్‌ను ముట్టుకోకు. ఆ కింది క్లిప్ మాత్రం డిజాల్వ్ మొదలయ్యే ఫ్రేముకే అక్కడ ఉండాలి. ఆలస్యమైతే పై క్లిప్ నలుపులోకి జారిపోతుంది.

టేపుల రోజుల్లో ఒక్క డిజాల్వ్‌కి రెండు షాట్లూ రెండు టేపుల మీద ఉండాలి, రెండు ప్లేయర్లూ కలిసి నడవాలి, మిక్సర్ మీద టీ-బార్ అనే పిడి చేత్తో లాగాలి. కష్టమే, కానీ పిడి ఒక్కటే కాబట్టి ఒకటి తగ్గినంతే రెండోది పెరిగేది, ఈ పొరపాటుకి చోటే ఉండేది కాదు. ఇప్పుడు రెండు క్లిప్పుల ఒపాసిటీ గీతలూ నీ చేతుల్లోనే ఉన్నాయి, అందుకే ఇంతగా చెప్తున్నా.

ఫొటో, దాని చుట్టూ అంచు, పేరు, ఈ మూడూ కలిసి మాయమవ్వాలంటే విడివిడిగా దించకు. అంచు వెనక దాగిన ఫొటో చివర, పేరు వెనక ఉన్న ముఖం మధ్యలో తేలి కనిపిస్తాయి. మూడింటినీ నెస్ట్ చేసి, అంటే ఒకే క్లిప్‌గా కట్టేసి, ఆ ఒక్కదాని ఒపాసిటీ దించు. రిజాల్వ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే దీన్నే కాంపౌండ్ క్లిప్ అంటారు.

ఒకే ట్రాక్ మీద పక్కపక్కనున్న క్లిప్పులకి 24 ఫ్రేముల డిజాల్వ్ కట్ మధ్యలో పెడితే, మొదటిదానికి కట్ తర్వాత 12 ఫ్రేములు, రెండోదానికి కట్ ముందు 12 వాడకుండా మిగిలి ఉండాలి. లేకపోతే ప్రీమియర్ చివరి ఫ్రేమునే పదేపదే వాడుతుంది, పెళ్లికొడుకు చెయ్యి గాల్లో బిగుసుకుపోతుంది. నెస్ట్ చేసినవాటికి ఈ మిగులు అసలే ఉండదు, అందుకని నెస్ట్ చేసేముందే క్లిప్పుల్ని రెండు వైపులా కొంచెం సాగదీసుకుని, నెస్ట్ చేశాక ఆ కొంచెం కోసెయ్యి.

సన్నాయి ఒక షాట్‌లోంచి ఇంకో షాట్‌లోకి వెళ్లేచోట కాన్‌స్టంట్ పవర్ అనే ఆడియో ఫేడ్ వెయ్యి. కాన్‌స్టంట్ గెయిన్ వేస్తే మధ్యలో శబ్దం కుంగుతుంది. జీలకర్ర-బెల్లం దగ్గర, మూడుముళ్ల దగ్గర ఏ ట్రాన్సిషనూ వద్దు, నా మాట విను. నేరుగా కట్ చెయ్యి. ఆ క్షణాన్ని పొగమంచులో కలిపేస్తే ఆ తల్లిదండ్రులు ఏం చూసుకుంటారు?

అడ్వాన్సు చేతికి రానిదే పని మొదలుపెట్టకు. రాత్రి ఒంటిగంట దాటాక రంగులు ముట్టుకోకు, అలిసిన కళ్లకి తెలుపేదో బూడిదేదో తెలీదు. వేళకి తిను. తలంబ్రాల దాకా కట్ చేశాక టైమ్‌లైన్ స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పంపు, వి1 మీద ఎక్కడైనా ఒపాసిటీ గీత కిందికి దిగి ఉందేమో చూసి చెప్తాను.

మీ మావయ్య