ఆ సబ్బుపెట్టెని వదలకండి

ప్రశ్న: మా బాబాయి ఆర్మీలో హవల్దారుగా చేసి రిటైరయ్యారు. 1987లో శ్రీలంక వెళ్లిన మన శాంతి సేనలో, జాఫ్నా వైపు ఉన్నారు. ఆయన అనుభవాన్ని కథగా రాద్దామని ఆర్నెల్లుగా ప్రతి ఆదివారం వెళ్లి కూర్చుంటున్నాను. ఎప్పుడడిగినా ఒక తాటితోపు, ఒక బావి, బావి గట్టు మీద ఎవరో వదిలేసి పోయిన గులాబీరంగు సబ్బుపెట్టె. అంతే చెబుతారు. తన పక్కనుండే కుర్రాడు ఆ బావి దగ్గరే పోయాడని ఒకసారి అన్నారు, అక్కడ కాదు, అంతకు రెండ్రోజుల ముందే పోయాడని ఇంకోసారి అన్నారు. పిన్నేమో "మందుపాతర పేలిందిరా, ఈ మనిషి ఎవరికీ చెప్పడు" అంటుంది. ఏది నిజమో తేలకుండా ఎలా రాయను? కథ పండాలంటే కొంచెం కల్పిస్తే తప్పా?
– ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: తప్పేం కాదు, కల్పించండి. కాకపోతే ముందు ఆ సబ్బుపెట్టె సంగతి మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో మీరు దాన్ని "అంతే" అని పక్కన పెట్టేశారు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో నమ్మబుద్ధయింది అదొక్కటే. దాని రంగు కూడా ఆయనకి గుర్తుందంటే, ఆ మనిషి బావి దగ్గర నిలబడి చూశాడన్నమాట.

మీది విజయనగరం జిల్లా కాబట్టి బొబ్బిలి కథ నేను మీకు చెప్పక్కర్లేదు. 1757 జనవరి 24న జరిగిన యుద్ధం బుర్రకథలో ఎంత చక్కగా కుదిరిందో చూడండి. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం రాజు విజయరామరాజు పంతం, బొబ్బిలి రాజు రంగారావు పౌరుషం, చివర్లో తాండ్ర పాపారాయుడు రాత్రిపూట విజయరామరాజు డేరాలో దూరి పగ తీర్చుకోవడం. మొదలుంది, తుదుంది, వినేవాడికి కడుపు నిండుతుంది. ఇక కోటలోని ఆడవాళ్లు, పిల్లలు ఏమయ్యారన్న దగ్గరికొచ్చేసరికి "ఆత్మత్యాగం" అనే మాట ఒకటి వేసి కథకుడు గబగబా దాటిపోతాడు. అదే సంగతి ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాసింది చదివితే ఒళ్లు జలదరిస్తుంది. కోటలోని మగవాళ్లే కాగడాలు, బల్లేలు పట్టుకుని ఇళ్లకి నిప్పు పెట్టారట, తప్పించుకోబోయినవాళ్లని పొడిచారట, ఆ పని ముగించి మళ్లీ గోడల మీదికొచ్చి చచ్చిపోయారట. త్యాగం అనగానే కత్తి ఎవరి చేతిలో ఉందో కనపడకుండా పోయింది చూశారా!

అలాగని ఓర్మ్ రాసిందే నిజం అనుకోకండి. ఆయన ఆ రోజు బొబ్బిలి దరిదాపుల్లో కూడా లేడు, తర్వాత ఎవరో చెప్పింది విని రాసుకున్నాడు. రంగారావు కొడుకుని ఒక ముసలాయన కాపాడి తెచ్చి ‘లా’ అనే ఫ్రెంచి అధికారి చేతికి అప్పగించాడని కూడా ఆయనే రాశాడు. ఆ పసివాడు ఏం చూశాడో, ఏం గుర్తుంచుకున్నాడో మనకెవరూ చెప్పలేదు. కోట మొత్తం వర్ణించినవాళ్లు లోపల లేరు, లోపల ఉన్నవాళ్లకి తమ ముందున్న నాలుగు గజాల నేల తప్ప ఇంకేం కనపడి ఉండదు. మీ ఇబ్బంది కూడా ఇదే. మీకు కోట కావాలి, మీ బాబాయి దగ్గర నాలుగు గజాలే ఉన్నాయి.

పైగా ఆయన చేసిన యుద్ధానికి బొబ్బిలికున్నట్టు మొదలూ తుదీ కూడా లేవు. 1987 జులై 29న భారత్, శ్రీలంకల మధ్య ఒప్పందం కుదిరితే మనవాళ్లు వెళ్లింది తమిళ ఈలం కోసం పోరాడే టైగర్ల (ఎల్టీటీఈ) దగ్గర ఆయుధాలు అప్పగింపించుకుని శాంతి నిలబెట్టడానికి. మొదట్లో అక్కడి తమిళులు పూలదండలు వేశారు. అక్టోబరుకల్లా ఆ టైగర్లతోనే యుద్ధం. అదే నెల 21న మనవాళ్లు జాఫ్నా ఆసుపత్రిలోకి వెళ్లినప్పుడు డాక్టర్లు, నర్సులు, రోగులు చనిపోయారు. ఎదురుకాల్పులని మన సైన్యం అంది, ఊచకోత అని అక్కడివాళ్లు ఇప్పటికీ అంటారు. (తాటితోపు, బావి కథ ఆ ఊరివాళ్ల నోట ఎలా ఉంటుందో కూడా కాస్త ఆలోచించండి, సబ్బుపెట్టె వాళ్లదే కదా.) మన జవాన్లు దాదాపు 1,200 మంది పోయారు. 1990 మార్చిలో మిగిలినవాళ్లు మద్రాసు రేవులో దిగితే స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. పేరులో శాంతి, చేసింది యుద్ధం, గెలిచామో ఓడామో ఎవరూ చెప్పరు, ఇంటికొస్తే ఎవరూ అడగరు. ఇందులోంచి ఆయన మీకు ఏ కథ అల్లి ఇవ్వాలి చెప్పండి?

ఇప్పుడు నా తప్పొకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట మా వీధిలో ఉండే ఒక మాజీ సైనికుడి అనుభవాన్ని ప్రత్యేక సంచికకి రాశాను. ఆయన చెప్పిందంతా బూట్లు తడిసి కాళ్లు పాచిపోవడం, రాని ఉత్తరాలు, చల్లారిపోయిన టీ. ఇదేం కథ అనుకుని నేనే ఒక రాత్రి దాడి పెట్టాను, చివర్లో ప్రాణాలొదులుతున్న స్నేహితుడి చేత అమ్మని తలుచుకునేలా చేశాను. అచ్చయ్యాక పత్రిక తీసుకెళ్లి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి లైను లైనూ చదివి, మడిచి నా చేతికిచ్చి "బాగుందండీ, ఎవరిదీ కథ?" అన్నారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. ఉత్తరాలేమో చాలా వచ్చాయి, కన్నీళ్లాగలేదని రాసినవాళ్లు కూడా ఉన్నారు. అప్పుడు పడ్డ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

అందుకని ఆ కుర్రాడు ఎక్కడ పోయాడన్నది మీరు తీర్పు చెప్పకండి. బావి దగ్గర అని ఒక ఆదివారం అన్నారు, కాదని ఇంకో ఆదివారం అన్నారు, రెండూ అలాగే రాయండి. అబద్ధం చెప్పారని కాదు, రెండ్రోజుల ముందు పోయిన మనిషి ఆయనకి బావి దగ్గర కూడా పక్కనే ఉండి ఉండొచ్చు. తారీఖులు, యూనిట్లు సరిచూడాలంటే పుస్తకాలున్నాయి, వాటికోసం ఆయన్ని విసిగించొద్దు. ఎంతమందిని చంపారు, భయమేసిందా లాంటివి అసలు అడక్కండి, పెళ్లిళ్లలో తాగినవాళ్లు అడిగే ప్రశ్నలవి. నీళ్లు చేద ఉండి తోడారా, హెల్మెట్‌తో ముంచారా అని అడగండి. మాట అక్కడ్నుంచి ఎటు పోతే అటు పోనివ్వండి, ఆగిపోతే మీరూ ఆగండి. కల్పన అంటారా, వాతావరణం కల్పించుకోండి, కుక్కని కల్పించుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆయనకి రాని కన్నీళ్లు మాత్రం తెప్పించొద్దు.

ఇంకొక్కటి. మందుపాతర సంగతి ఆయన ఎవరికీ చెప్పరని మీ పిన్నిగారు అంటున్నారు కదా. మరి ఆవిడకెలా తెలిసింది? ఈ ఆదివారం బాబాయిగారు అలా బయటికెళ్లాక ఆవిడ పక్కన కూర్చుని అడిగి చూడండి.