భార్య గర్భం తీయించుకుంటే ఆ పాపం భర్తకూ అంటుతుందా?

చిత్రగుప్తుడి లెక్కలు నాకు తెలియవు కానీ, ఇదే సంగతి మా ఇంట్లో జరిగింది కాబట్టి చెబుతున్నాను.

2011లో, ఇద్దరు ఆడపిల్లల తర్వాత, కాపర్‌టీ ఉండగానే నా భార్యకు నెల తప్పింది. వద్దనుకున్నది ఆమే. దీపం పెట్టనిదే కాఫీ ముట్టని మనిషి. రెండు రాత్రులు నిద్రపోలేదు. మూడో రోజు పొద్దున దీపం పెట్టి, "పదండి" అంది. నేను ఔననీ కాదనీ అనలేదు. అది నా పెద్దరికం అనుకున్నాను అప్పట్లో. పిరికితనం.

ఆస్పత్రిలో భర్త సంతకం లేనిదే చేయం అన్నారు. 1971 నాటి గర్భస్రావ చట్టం ప్రకారం మేజరైన స్త్రీకి తన అంగీకారం ఒక్కటే చాలు. అయినా ఆ సంతకం అడగడం మానరు. పైగా కౌంటరులో కూర్చున్నావిడ, "ఇద్దరూ ఆడపిల్లలేగా, ఈసారి బాబేమో, ఆలోచించుకోండి" అని ఉచిత సలహా. నా భార్య ఏడ్చింది ఆ మాటకే.

ఇంటికొచ్చాక, "ఈ భయం నెలనెలా నాకొక్కదానికేనా?" అని అడిగింది. నెల తిరక్కుండా వేసెక్టమీకి, అంటే మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి, వెళ్లాను. కు.ని. ఆపరేషన్ల వరుసలో మగవాడిని నేనొక్కడినే. మిగతా అందరూ ఒళ్లో చంటిబిడ్డ, చేతిలో చీటీ ఉన్న తల్లులు. "ఆవిడ ఎక్కడండీ?" అని నర్సు నా వెనకాల వెతికింది. నాకే అన్నాక, ఇంకో ఇద్దరిని పిలిచి మరీ చూపించింది. ఫారంలో 'భర్త పేరు' అని అచ్చయి ఉంది. గుమాస్తా కాసేపు ఆలోచించి అక్కడా నా పేరే రాశాడు. ఆ కాగితం ప్రకారం నాకు నేనే భర్తను.

పావుగంట పని, కుట్లు కూడా లేవు. మూడు నెలలు జాగ్రత్తగా ఉండి పరీక్ష చేయించుకోమన్నారు, అంతే. దీనికే బరువులెత్తలేమని, మగతనం పోతుందని మావాళ్ల కబుర్లు! కడుపు కోయించుకున్న ఆడవాళ్లు బిందెలు మోస్తుంటే ఆ బరువు ఎవరికీ కనబడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి: ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ, అంటే ఆడవాళ్ల కు.ని. ఆపరేషన్, చేయించుకున్నవారే. వేసెక్టమీ ఒక శాతం కూడా లేదు. పాపం సంగతి అడిగే మగవాళ్లు ముందు ఆ వరుసలో నిలబడి వచ్చి అడగండి.

అన్నట్టు, నా భార్య అబార్షన్ చేయించుకున్నప్పుడు మా అమ్మ ఒక్క పూటే అలిగింది. నా ఆపరేషన్ సంగతి తెలిశాక నెల రోజులు మాట్లాడలేదు. నాతో కాదు, కోడలితో.