నాన్న వినే పాట కూతురూ వింటే

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. మూడు తరాలుగా పట్టుచీరల వ్యాపారం చేస్తున్నాం. నా వయసు 48. 1993లో, నాకు 16 ఏళ్లప్పుడు, విశాఖపట్నం నుంచి వచ్చిన మా పెద్దమ్మ కొడుకు ఒక క్యాసెట్టు ఇచ్చాడు. అది మెటాలికా అనే అమెరికా రాక్ బ్యాండు 1991లో తెచ్చిన ఆల్బమ్. అట్ట నల్లగా ఉండడం వల్ల అందరూ బ్లాక్ ఆల్బమ్ అంటారు. ఆనాటి నుంచి ఆ బ్యాండంటే ప్రాణం. 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో జరిగిన వారి కచేరీకి మిత్రులతో కలిసి రైల్లో వెళ్లాను. అప్పుడు మా అమ్మాయికి రెండేళ్లు, పైగా జ్వరం. ఆ మాట నా భార్య ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

ఇప్పుడు అమ్మాయికి 16 ఏళ్లు, ప్లస్ టూ మొదటి సంవత్సరం చదువుతోంది. 2022లో స్ట్రేంజర్ థింగ్స్ అనే సీరియల్ చూసి, తానూ అదే బ్యాండు వినడం మొదలుపెట్టింది. గత నెల స్నేహితురాళ్లు ఇంటికి వచ్చినప్పుడు నా పాత టీషర్టు వేసుకుంది. నేను నవ్వుతూ, "ఆ ఒక్క పాట కాక ఇంకో అయిదు పేర్లు చెప్పు చూద్దాం" అన్నాను. మూడు చెప్పి ఆగిపోయింది. "సీరియల్ చూసి వచ్చిన అభిమానం ఇంతే" అన్నాను. ఆ రాత్రి టీషర్టు మడిచి నా మంచం మీద పెట్టి వెళ్లింది. మూడు వారాలుగా అవసరమైన మాట తప్ప మాట్లాడడం లేదు. ఎవరికీ చెప్పనిది ఇంకొకటి ఉంది. నేనే ఇప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే పది నిమిషాలకు మించి వినలేకపోతున్నాను. మిత్రుల్లో ఒకడు, బ్యాండు వాళ్లు జుట్టు కత్తిరించుకున్న 1996లోనే అంతా అయిపోయిందంటాడు. ఇంకొకడు, వయసుకు తగ్గట్టు ఉండమంటాడు. నేనేం చేయాలి?

జవాబు: ముందుగా ఆ సాయంత్రం సంగతి మాట్లాడుకుందాం. మీరు నవ్వుతూ అన్నానని రాశారు, అది నిజమే అయి ఉంటుంది. కానీ 16 ఏళ్ల పిల్లలు తల్లిదండ్రుల వస్తువులను, వారి అలవాట్లను స్నేహితుల కంట పడకుండా దాచుకునే వయసులో ఉంటారు. ఆ వయసులో మీ అమ్మాయి తన తోటివారు ఇంటికి వస్తున్న రోజునే మీ టీషర్టు ఏరి తొడుక్కుంది. ఇది మా నాన్నది, ఇది నాకూ ఇష్టం అని నలుగురి ముందు చెప్పుకోవడానికి ఆమె ఎంచుకున్న పద్ధతి అది. అటువంటి క్షణంలో మీరు ప్రశ్నపత్రం చేతికిచ్చి, మార్కులు వేసి, తప్పిందని కూడా ప్రకటించారు. ఆమె కోపగించుకుందని మీరు అనుకుంటున్నారు. నాకు మీ ఉత్తరంలో ఆమె అవమానం కనిపించింది. కోపమైతే మూడు రోజుల్లో చల్లారేది.

మీ పరీక్ష న్యాయమైనదేనా అన్నది కూడా చూద్దాం. మెటాలికా 1981లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. మొదటి ఆల్బమ్ 1983లో వచ్చింది. మీ అమ్మాయి సీరియల్‌లో విన్న 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' పాట, 1986 మార్చిలో అదే పేరుతో వచ్చిన ఆల్బమ్‌లోది. అదే ఏడాది సెప్టెంబరు 27న స్వీడన్‌లో బస్సు బోల్తా పడి, ఆ ఆల్బమ్‌లో బేస్ గిటార్ వాయించిన క్లిఫ్ బర్టన్ 24 ఏళ్లకే చనిపోయాడు. అప్పటికి మీకు తొమ్మిదేళ్లు. మీరు బ్యాండు గడప తొక్కే నాటికి ఆయన పోయి ఏడేళ్లు గడిచాయి. అంతే కాదు, మీరు తెచ్చుకున్న బ్లాక్ ఆల్బమ్ గురించి తొలినాళ్ల అభిమానులు కొందరు ఏమనుకున్నారో మీకు తెలియనిది కాదు: వేగం తగ్గించారని, పాటలు పొట్టివి చేశారని, రేడియో కోసం మెత్తబడ్డారని, ఆ ఆల్బమ్‌తో వచ్చినవారు అసలు అభిమానులే కారని వారు అన్నారు. 1983 నాటి అభిమాని ఎవరైనా ఆ రోజు మీ ఎదుట నిలబడి అయిదు పేర్లు చెప్పమని ఉంటే, క్యాసెట్టు పట్టుకున్న ఆ కుర్రవాడి ముఖం ఎలా మారేదో ఒక్కసారి ఊహించండి. ఆ ముఖమే మీ అమ్మాయిది.

ఈ విషయంలో బ్యాండు తీరు మీకంటే ఉదారంగా ఉంది. 2022లో ఆ సీరియల్ తర్వాత లక్షల మంది పిల్లలు ఒక్కసారిగా వచ్చి చేరినప్పుడు, పాతవారిలో కొందరు మీలాగే మాట్లాడారు. దానికి బ్యాండు ఇచ్చిన జవాబు సారాంశం ఏమిటంటే, 40 ఏళ్లుగా వింటున్నా, 40 గంటల నుంచి వింటున్నా అందరూ తమ కుటుంబమేనని, ప్రతి ఒక్కరూ ఎక్కడో ఒక చోట సున్నా నుంచే మొదలుపెట్టారని. ఆ తర్వాతి ప్రపంచ యాత్రలో 16 ఏళ్లలోపు వారికి టిక్కెట్టు ధర తగ్గించారు కూడా.

మీరు చెడ్డ తండ్రి అని నేను అనడం లేదు. మీ మాట వెనుక ఉన్న భయం నాకు అర్థమవుతోంది. 40 దాటిన వారిని జీవితంలోని జ్ఞాపకాలు చెప్పమంటే, సుమారు 10 నుంచి 30 ఏళ్ల మధ్య జరిగినవే మిగతా కాలం కంటే ఎక్కువగా చెబుతారని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా గమనిస్తున్నారు. మొదటిసారి జరిగేవి ఎక్కువగా ఆ వయసులోనే జరుగుతాయి, నేనెవరిని అన్న ప్రశ్నకు మనిషి జవాబు కట్టుకునేదీ అప్పుడే. ఆ కట్టడంలో ఏ పాట చెవిన పడితే అది గోడలో ఇటుకలా ఉండిపోతుంది. సరిహద్దు జిల్లాల్లో పెరిగిన తెలుగువారికి ఇది మరికొంత గట్టిగా పట్టుకుంటుందని నేను నమ్ముతాను. నేను పర్లాకిమిడిలో పెరిగాను. బడిలో తెలుగువాళ్లమని వేరుగా చూసేవారు, సెలవులకు శ్రీకాకుళం వెళితే మన మాటలో ఒడియా యాస ఉందని చుట్టాలు నవ్వేవారు. మీకూ అటువంటిదే జరిగి ఉంటే, ఇటు ఒడియాదీ అటు తెలుగుదీ కాని ఒక మోత మీ చేతికి వచ్చినప్పుడు, దానిలో మీ యాసను ఎత్తిచూపేవారు ఎవరూ లేకపోవడం ఎంత ఊరటనిచ్చి ఉంటుందో చెప్పనక్కర లేదు. అదే ఇంట్లో, అదే వీధిలో మీ అమ్మాయి కూడా పెరుగుతోంది. ఆమెకు కూడా ఆ ఊరట అవసరమై ఉండవచ్చు. అది ఏ దారిన వచ్చిందన్నది ముఖ్యం కాదు.

ఆమె అభిమానం సీరియల్‌తోనే పుట్టిందని మీరు అంత నిశ్చయంగా ఎలా అనగలరు? కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన క్యారల్ క్రమ్‌హాన్సెల్, జస్టిన్ జుప్నిక్‌తో కలిసి 2013లో ప్రచురించిన ఒక పరిశోధనలో, 20 ఏళ్ల వయసున్న విద్యార్థులకు గత 50 ఏళ్ల ప్రసిద్ధ పాటలు వినిపించారు. వారు తమ కాలపు పాటలతో పాటు, తమ తల్లిదండ్రులు యవ్వనంలో ఉన్న కాలపు పాటలతోనూ సొంత జ్ఞాపకాలను ముడివేసుకున్నారని తేలింది. పసితనంలో ఇంట్లో వినిపించినది ఎక్కడికీ పోదు. మీరు దుకాణం మూసి వచ్చి పాట పెట్టుకున్న ప్రతి రాత్రీ ఆ పిల్ల పక్క గదిలోనే ఉంది. సీరియల్‌లో ఆ గిటారు మోగగానే ఆమెకు నాన్న గుర్తుకు వచ్చి ఉంటే, ఆ సంగతి మీకు చెప్పే అవకాశం మీరు ఇచ్చారా?

మన ఊళ్ల నుంచే ఒక పోలిక చెబుతాను. రెండేళ్లకు ఒకసారి బరంపురంలో బుఢీ ఠాకురాణీ యాత్ర జరుగుతుంది. నేతవారి పెద్ద అయిన దేశీబెహరా ఇంటిని అమ్మవారు పుట్టింటిగా భావించి అక్కడికి వస్తుంది. చిన్నప్పుడు మీరు తండ్రి భుజాల మీద కూర్చుని పులివేషాలు చూసి భయపడి ఉంటారు. యవ్వనంలో తెల్లవార్లూ డప్పుల వెంట తిరిగి ఉంటారు. ఇప్పుడు చందా ఇచ్చి, అత్తవారింటి నుంచి వచ్చిన ఆడపడుచులకు భోజనం పెట్టి, రాత్రి పదింటికి పడుకుంటూ ఉండవచ్చు. భక్తి తగ్గిందని మిమ్మల్ని ఎవరైనా అన్నారా? భుజాల మీద కూర్చున్న పిల్లవాడికి అమ్మవారి కథ పూర్తిగా తెలియదు కనుక వాడు యాత్రకు రాకూడదని ఎవరైనా అన్నారా? బ్యాండుతో మనిషి అనుబంధం కూడా ఇలాగే నడుస్తుంది. 16 ఏళ్ల వయసులో అది ఒంటి మీది చొక్కా. నేను వీళ్ల మనిషిని అని లోకానికి చాటుకోవాలి. 34 ఏళ్ల వయసులో, సంసారం మీద పడ్డాక, అది రైలెక్కి వెళ్లి చూసి రావలసిన పాత స్నేహితుడు. 48 ఏళ్లకు అది ఇంకొకటి అవుతుంది, అదేమిటో మీకు ఇంకా తెలియడం లేదు.

ఇక మీ పది నిమిషాల సంగతి. దీన్ని మీరు నేరం ఒప్పుకున్నట్లు రాశారు. ఆ పాటల్లో ఉన్నది ఒక కుర్రవాడి ఆగ్రహం. గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్‌కు 13 ఏళ్లప్పుడు తండ్రి ఇల్లు విడిచి వెళ్లాడు, 16 ఏళ్లప్పుడు తల్లి క్యాన్సర్‌తో పోయింది. ఆ వయసులో ఎదురైన దానితోనే ఆయన జీవితాంతం మాట్లాడుతున్నాడు. ఆయనకు 59 ఏళ్లప్పుడు, 2023 ఏప్రిల్‌లో, బ్యాండు తెచ్చిన ఆల్బమ్ పేరు '72 సీజన్స్': పుట్టినప్పటి నుంచి గడిచే మొదటి 18 ఏళ్లు, ఏడాదికి నాలుగు ఋతువుల చొప్పున 72. మనిషి నిజ రూపమో, అబద్ధపు రూపమో ఆ 72 ఋతువుల్లోనే తయారవుతుందని, మిగతా బ్రతుకంతా దాన్ని మోయడమో విడిపించుకోవడమో అని దాని భావం. మన ఆరు ఋతువుల లెక్కన అవి 108 అవుతాయి; జపమాల పూసలు గుర్తుకు వచ్చి నేను ఆ లెక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మీ 108 పూసలు ఏనాడో పూర్తయ్యాయి. పాత ఆల్బమ్ పెట్టుకుని పాత మంట కోసం వెతికితే పది నిమిషాల్లో అలసట వస్తుంది, ఎందుకంటే ఆ మంట అవసరమైన కుర్రవాడు ఇప్పుడు కిస్తీలు, అమ్మాయి చదువు చూసుకునే మనిషి అయ్యాడు. తనతో పాటు వయసు పెరిగిన ఆ గాయకుడు ఇప్పుడేం చెబుతున్నాడో ఒకసారి విని చూడండి. అది నచ్చకపోతే పది నిమిషాలే వినండి. అందులో ద్రోహం లేదు.

మీ మిత్రులలో మొదటివారు 1996 దగ్గర ఆగిపోయారు. వారి దుఃఖం వారిది, దానితో వాదించకండి. రెండవవారి సలహాను నేను అంగీకరించను, వయసుకు తగ్గ సంగీతం అంటూ ఒకటి ఉండదు.

మీ భార్యగారి మాటను మాత్రం అంత తేలికగా దాటలేను. 14 ఏళ్లుగా ఒక మాట తిరిగి తిరిగి వస్తోందంటే, దానికి ఇంకా జవాబు అందలేదని అర్థం. రెండేళ్ల బిడ్డ జ్వరంతో ఉండగా ఆ రాత్రులు ఆమె ఒంటరిగా ఎలా గడిపారో మీరు ఎన్నడైనా కూర్చుని అడిగి విన్నారా? వెళ్లినందుకు పశ్చాత్తాపం లేకపోతే ఉన్నట్లు నటించవద్దు. ఆ కచేరీ మీ జీవితంలో గొప్ప రాత్రి అని, ఆ రాత్రికి మూల్యం ఆమె చెల్లించారని, రెండూ ఒకే వాక్యంలో చెప్పండి. కచేరీకి వెళ్లడం కంటే, వచ్చాక ఈ మాట చెప్పకపోవడమే ఆమెను ఎక్కువగా నొప్పించి ఉంటుందని నా అనుమానం.

అమ్మాయి దగ్గరకు వెళ్లే ముందు నా ఇంటి సంగతి ఒకటి వినండి. మా నాన్నగారికి ఘంటసాల అంటే పిచ్చి. రికార్డు పెట్టినప్పుడల్లా నన్ను కూర్చోబెట్టి ఇది ఏ రాగం, ఈ సంగతి ఎక్కడ పడింది అని అడిగేవారు. జవాబు తప్పితే నిరాశగా తల తిప్పుకునేవారు. నేను ఆ గదిలోకి వెళ్లడం మానేశాను. నాన్నగారు పోయిన మూడేళ్లకు ఒక పెళ్లింట్లో అదే గొంతు వినిపించి, పందిట్లో నిలబడి ఏడ్చాను. అప్పుడు రాగం పేరు నాకు గుర్తుకు రాలేదు. నాన్నగారు బ్రతికి ఉండగా ఆ పక్కన ఊరికే కూర్చునే వీలు నాకు ఉండి ఉంటే ఎంత బాగుండేదో ఇప్పటికీ అనుకుంటాను.

అందువల్ల మీరు చేయవలసినది ఆలస్యం చేయవద్దు. స్నేహితురాళ్ల ముందు జరిగిన దానికి, కనీసం తల్లి ముందైనా క్షమాపణ చెప్పండి. "నేను అలా అడిగి ఉండకూడదు, నాది తప్పు" అన్నది చాలు. దాని వెనుక 'కానీ' అన్న మాట రాకూడదు. ఏ ఆల్బమ్ తర్వాత ఏది వినాలో పట్టిక రాసి ఇవ్వకండి. ఆమెకు నచ్చిన పాట ఏదో అడిగి, ఆమె ఫోనులోనే, ఆమె ఎంచుకున్న చోటి నుంచి వినండి. మధ్యలో చరిత్ర చెప్పాలని నోరు దురద పెడుతుంది, ఆపుకోండి. ఆమె అడిగితే మాత్రం అన్నీ చెప్పండి: పెద్దమ్మ కొడుకు తెచ్చిన క్యాసెట్టు, బెంగళూరు రైలు ప్రయాణం, వదిలి వెళ్లిన జ్వరం. పది నిమిషాలకే అలసట వస్తోందన్న సంగతి కూడా చెప్పవచ్చు. నాన్నకు తెలియనివి ఉన్నాయని తెలిస్తే పిల్లలు దగ్గరకు వస్తారు. రెండేళ్లలో ఆమె ఈ బ్యాండును వదిలి ఇంకొకదాని వెంట వెళ్లవచ్చు. అది మిమ్మల్ని వదలడం కాదని ఇప్పుడే మనసుకు చెప్పుకుని ఉండండి.

టీషర్టు విషయం. దాన్ని తిరిగి ఆమె చేతిలో పెట్టి వేసుకోమని బతిమాలకండి, అది మరో పరీక్షలా ఉంటుంది. క్షమాపణ చెప్పిన మరునాడు ఉతికి, ఆరబెట్టి, ఇంట్లో అందరి బట్టలతో పాటు మడిచి ఆమె బీరువాలో పెట్టండి. ఎప్పుడు వేసుకోవాలో ఆమె చూసుకుంటుంది.