బెంగళూరు ఎండలకు మల్బరీ తట్టుకుంటుందా? రోజూ నీళ్లు పోయాలా?

తట్టుకుంటుంది. రోజూ నీళ్లు పోస్తేనే తట్టుకోదు. మాది హిందూపురం వైపు. పట్టుపురుగులు నాలుగో జ్వరం (పొర విడిచే ముందు మేత మాని పడుకోవడం) నుంచి లేచాక ఎంత ఆకు వేసినా చాలదు. నిద్ర కళ్లతోనే తోటలోకి పరుగెత్తి కోసిన చేతులివి. అందుకే నేలలో నాటిన మొక్కకు పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు పోసి, ఆకు పసుపెక్కగానే మరో చెంబు పోసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

2024 ఎండాకాలం గుర్తుంది కదా. తాగునీటితో మొక్కలు తడిపితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. ఏప్రిల్ అంతా చినుకు లేదు. మా ఇంటి ముందున్న నాలుగేళ్ల మల్బరీకి నీళ్లు మానేశాను. ఆకులు వేలాడాయి, ఆపై రాలాయి, పుల్లలు మిగిలాయి. ఎదురింటాయన కొట్టించేయమన్నారు. పండ్లు రాలి ఆయన కారుకు ఊదా మరకలయ్యాయని పాత కోపం. చెట్టు కింద కారు ఎవరు పెట్టమన్నారు?

అప్పుడే ఊరి నుంచి మామయ్య వచ్చారు. మొదలు దగ్గర కూర్చుని గోటితో బెరడు గీరారు. లోపల పచ్చగా, తడిగా ఉంది. "చావలేదురా, దాహానికి ఆకు వదిలేసింది" అంటూ మచ్చుకత్తి తెప్పించుకుని కొమ్మలన్నీ మూరెడేసి వదిలి నరికేశారు. అమ్మ రెండు రోజులు తన తమ్ముడితో సరిగా మాట్లాడలేదు. మే మొదట్లో వాన పడింది. కొద్ది రోజులకే కణుపు కణుపునా చిగురు, చిగురు పక్కనే పచ్చటి పిందెలు.

మొదటి ఏడాది మాత్రం వారానికొకసారి పాదు నిండా పోయండి, పైన ఎండుటాకు పరచండి. వేరు లోతుకు దిగాక దాని దారి అది చూసుకుంటుంది. బోర్లు అడుగంటిన కోలారు, చిక్కబళ్లాపురం రైతులు పొద తోటలు వదిలి, పదేసి అడుగుల ఎడంతో చెట్లుగా పెంచుతున్నది ఇందుకే. రకం కూడా చూసుకోండి: వీ-1 నీళ్లున్న తోటకు, ఎస్-13 వానను నమ్ముకున్న ఎర్రనేలకు.

నర్సరీలో 'థాయ్ రకం' అని నాకు 600 రూపాయలకు ఒక మొక్క అంటగట్టారు. మా ఊళ్లో కత్తిరించిన కొమ్మలు గట్టు మీద ఊరికే పడి ఉంటాయి! పెన్సిలంత లావు, మూడు నాలుగు కన్నులున్న ముక్క తెచ్చి వానాకాలంలో గుచ్చితే చాలు.

చిగురు ముడుచుకుని గిడసబారితే అది దాహం కాదు, రసం పీల్చే పిండినల్లి పురుగు. ఆ కొనలు తుంచి కాల్చేయండి. చెంబు మాత్రం ముట్టుకోకండి.