మలేషియాలో నీళ్ల సీసా మీద ‘ఎయిర్’ అని ఎందుకుంటుంది?

అక్కడ అది గాలి కాదు, నీళ్లే: ఏ-ఐ-ఆర్ అని రాసే ఈ మలయ్ మాటను ‘ఆయిర్’ అంటారు, ఇంగ్లీషు ఎయిర్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు. మలయ్‌ని ఒకప్పుడు అరబిక్ నుంచి వచ్చిన జావీ లిపిలో రాసేవారు, అందులో ఈ పోలికే కనబడదు. రోమన్ లిపిలోనూ మొదట ఏ-వై-ఈ-ఆర్ అనే రాశారు. 1972 స్పెల్లింగ్ సంస్కరణతో మూడక్షరాలైంది. మలేషియాలోని పెనాంగ్‌లో ‘ఆయెర్ ఇతామ్’ (నల్లనీరు) అనే చోటు పేరులో పాత రాత ఇంకా ఉంది.

‘ఆయిర్ మాతా’ అంటే కన్నీళ్లు. ఇక్కడ మాతా అంటే కన్ను, మన అమ్మ కాదు! స్కాటిష్ గేలిక్‌లోనైతే ఏ-ఐ-ఆర్ అంటే ‘మీద’.

స్పెల్లింగ్ కలిసిందంటే ఒక భాష ఇంకోదాన్నుంచి అరువు తెచ్చుకుందనుకుంటారు చాలామంది. కానీ రోమన్ లిపిలో ఉన్నవి ఇరవయ్యారు అక్షరాలే కాబట్టి, ఇంత పొట్టి మాటలు కాకతాళీయంగానే కలుస్తుంటాయి.