పళ్ళకు క్లిప్పులు వేయించుకుంటే నొప్పి ఎంతుంటుంది? తగ్గించుకునే దారి ఉందా?

నొప్పి ఉంటుంది. "ఏమీ ఉండదండీ, కాస్త లాగినట్టుంటుంది అంతే" అనే డాక్టర్ నోట్లో ఎప్పుడూ క్లిప్పులు పడలేదని నా గట్టి నమ్మకం. నేను వేయించుకున్నది ముప్పై దాటాక, ఇద్దరు పిల్లలు పుట్టాక. "పెళ్ళికి ముందైతే అర్థముంది, ఇప్పుడెవరు చూడాలనీ?" అని మా ఆడపడుచు ఇప్పటికీ అంటుంది. ఆవిడకు జవాబు చెప్పే ఓపిక లేదు గానీ మీకు చెబుతాను.

అసలు చిక్కేమిటంటే, కుర్చీలో ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. క్లిప్పులు అంటించడానికి మత్తు ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. ఇంత భాగ్యానికా భయపడ్డాను అనుకుంటూ మెట్లు దిగుతాం. సలుపు మొదలయ్యేది కొన్ని గంటల తర్వాత. మర్నాటికి బాగా ముదురుతుంది, అక్కడి నుంచి దిగుతూ చాలామందికి వారంలోపు సర్దుకుంటుంది. వైర్ మార్చినప్పుడల్లా ఇదే వరస. ఈ లెక్క ముందే తెలిస్తే సగం టెన్షన్ ఉండదు. నాకెవరూ చెప్పలేదు.

నాకు ముందుగా పెట్టింది రబ్బర్లు. దవడ పళ్ళకు రింగులు తొడగాలంటే సందు కావాలి కదా, అందుకని పళ్ళ మధ్య చిన్న నీలం రబ్బరు చుట్టలు ఇరికిస్తారు. చూస్తే నవ్వొస్తుంది, దీనికేం నొప్పి అని. మర్నాడే మా చిన్నాన్నగారి గృహప్రవేశం. రెండో బంతిలో కూర్చున్నాను. ఆకులో పులిహోర పడింది, ఆశగా ముద్ద పెట్టుకున్నాను. తాలింపులోని శనగపప్పు బద్ద ఒకటి సరిగ్గా ఆ దవడ కిందకే వచ్చింది. చెవి వెనక నుంచి నడినెత్తి దాకా జిల్లుమంది. ముద్ద మింగలేను, ఎదురుగా అంతమంది పెద్దవాళ్ళుండగా ఉమ్మలేను. కళ్ళల్లో నీళ్ళు చూసి వడ్డించే ఆయన "ఏమ్మా, మిరపకాయ తగిలిందా?" అంటూ రెండు బూరెలు వేశాడు. పైతోపు తీసేసి, పూర్ణాన్ని నాలుకతో అంగిలికి అదిమి తిన్నాను. మిగతా భోజనమంతా పెరుగన్నమే, అదీ మెత్తగా పిసికి.

ఆ సాయంత్రం క్లినిక్ నుంచి ఫోన్. బాకీ ఉన్న వాయిదా ఎప్పుడు కడతారని! మాటల్లో మాటగా రిసెప్షన్ అమ్మాయి "సలుపుతోందా మేడమ్? ఇవాళ ఎక్కువే ఉంటుందండీ, రేపటి నుంచి నయం" అంది. నమ్మండి, ఫోన్ పెట్టేసేసరికి నొప్పి దిగినట్టే అనిపించింది. డబ్బులడిగితే నొప్పి తగ్గే మనిషిని నిన్నే చూశానని మా ఆయన నవ్వారు.

నవ్వితే నవ్వారు గానీ, ఇది నా ఒక్కదాని భ్రమ కాదు. అమెరికాలో 150 మంది క్లిప్పుల పేషెంట్ల మీద చేసిన పరిశోధన ఒకటి 2005లో వచ్చింది. మొదటి వైర్ వేశాక కొందరికి ఫోన్ చేసి ధైర్యం చెప్పారు. కొందరికి ఊరికే ఫోన్ చేసి, మా పరిశోధనలో చేరినందుకు థాంక్స్ అన్నారు. మిగిలినవాళ్ళకు ఫోనే లేదు. ఫోన్ వెళ్ళిన రెండు గుంపులకూ నొప్పి, ఆందోళన తక్కువున్నాయి. ఏం మాట్లాడారన్నది లెక్కలోకే రాలేదు! నన్నడిగితే ప్రతి క్లినిక్‌లోనూ సాయంత్రంపూట ఫోన్లు చేయడానికి ఒక మనిషిని పెట్టాలని చట్టం చేయాలి. దానికయ్యే ఖర్చెంత?

కానీ అలా చేయరు, లేజర్ అమ్ముతారు. నన్నూ అడిగారు, అదనంగా ఇంత కడితే లేజర్ పెడతాం, నొప్పి తెలియదని. మందుల్లేని పద్ధతులన్నిటినీ 2016లో కాక్రేన్ వాళ్ళు (వైద్య పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి తూచి చెప్పే సంస్థ) జల్లెడ పట్టారు. లేజర్ కొంత పనిచేస్తుందేమో గానీ ఆధారం బలహీనమని తేల్చారు. 2017లో మాత్రల సంగతి చూశారు, 32 పరిశోధనలు, మూడు వేల మందికి పైగా పేషెంట్లు. మాత్ర వేసుకుంటే నొప్పి తగ్గుతుంది, పారాసెటమాల్‌కూ ఐబుప్రోఫెన్ జాతి మాత్రలకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఐబుప్రోఫెన్ అడ్డుకునే ప్రోస్టాగ్లాండిన్లే (నొప్పికి కారణమయ్యే, ఒంట్లోనే తయారయ్యే రసాయనాలు) పన్ను కదలడానికీ కావాలి, అందుకని చాలామంది డాక్టర్లు పారాసెటమాల్ వైపే మొగ్గుతారు. మీకేది పడుతుందో, ఎంత వేసుకోవాలో మీ డాక్టర్నే అడగండి.

ఇంకో సంగతి వింటే మీ డాక్టర్ ఉలిక్కిపడతారు: చూయింగ్ గమ్. ఇంగ్లాండులో వెయ్యిమందితో చేసి 2016లో ప్రచురించిన పరిశోధనలో, చక్కెర లేని గమ్ నమిలినవాళ్ళు ఐబుప్రోఫెన్ తక్కువ వాడారు. క్లిప్పులు ఎక్కువగా ఊడిందీ లేదు. మా డాక్టర్‌కు ఈ మాట చెబితే "గూగుల్ చదివి రాకండమ్మా" అన్నారు.

నా అసలు కోపం క్లిప్పుల మీద కాదు, ఈ "ఏమీ ఉండదు" అనే మాట మీద. మా చిన్నదానికి టీకా వేయించడానికి వెళ్తే అక్కడా అదే పాట, "చీమ కుట్టినట్టుంటుంది, అంతే". అది నమ్మి చెయ్యి చాపింది. మరుసటిసారి ఆస్పత్రి గేటు దగ్గరే ఏడుపు. టీకాల నొప్పి తగ్గించడం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది, బూటకపు భరోసాలివ్వొద్దని. పాలు తాగే పిల్లయితే పాలిస్తూ వేయించమంది, మూడేళ్ళు దాటిన పిల్లల్ని నిటారుగా కూర్చోబెట్టమంది, ఒకేసారి రెండు మూడు వేస్తుంటే ఎక్కువ నొప్పిగా ఉండేది చివర్లో వేయమంది. ఇందులో పైసా ఖర్చు లేదు. అయినా మనకు అలవాటైన పద్ధతి, ఇద్దరు పట్టుకోవడం, ఒకరు పొడవడం.

సరే, మీ విషయానికొస్తే, ఉద్యోగస్తులైతే శుక్రవారం సాయంత్రం అపాయింట్‌మెంట్ తీసుకోండి, ముదిరే రోజు ఇంట్లో గడిచిపోతుంది. వైర్ కొస బుగ్గకు గుచ్చుకుంటే పెట్టుకోవడానికి మైనం ఉంటుంది. అడగందే ఇవ్వరు, అడిగి తెచ్చుకోండి.